రాయలవారి నువ్వులనూనెయు, పిల్లల బొమ్మలకథలును

పిల్లలకు చరిత్రము రుచింపదను మాట మన యిండ్లలో తఱచుగా వినబడుచుండును. ఈ మాట నిజము కాదని మా యభిప్రాయము. పిల్లలకు రుచింపనిది చరిత్రము కాదు, పరీక్షకొఱకు వల్లెవేయు తేదీల పట్టిక. అదే రాజును, అదే కోటను, అదే యుద్ధమును బొమ్మల గడులలో బెట్టి, మాటలను బుడగలలో వ్రాసి, నడుమ నడుమ నొక విదూషకుని జొప్పించి యిచ్చినచో, అన్నము చల్లారుచున్నదని తల్లి మూడుమాఱులు పిలిచినను వారు లేవరు. తెనాలి రామకృష్ణుని బొమ్మలకథ చేతబట్టిన పిల్లవానిని భోజనమునకు లేపగలిగిన తల్లి రాయల దండనాయకునికంటె సమర్థురాలని చెప్పవచ్చును.

ఇట్టి నవ్వుల చరిత్రకథలను గూర్చి ముచ్చటించుటకు జూబిలీ హిల్సు, ఫిలింనగరు ప్రాంతములకంటె తగిన చోటు వేఱొకటి మాకు దోపలేదు. హైదరాబాదునకు పడమట, గోలకొండ కోటకు సమీపమున, ఏనుగులు పండుకొన్నట్లు గుండ్రని పెద్దరాళ్లు పడియుండిన గుట్టలివి. హంపీ విరూపాక్షమును దర్శించివచ్చిన సోదరీమణులకు ఈ రాళ్లు కొత్తగా దోపవు. అక్కడ రాయలవారి రాజధాని చుట్టును నున్నవి యిట్టి గుండ్లే. మదరాసునుండి తెలుగు సినిమా పరిశ్రమ క్రమముగా తరలివచ్చి యీ గుట్టలమీద స్థిరపడినది. అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో 1976లో ప్రారంభమైనది. పిమ్మట రామానాయుడుగారి స్టూడియోయు, ఫిలిం ఛాంబరును, నటీనటుల గృహములును వెలసినవి. చెక్కతోను ప్లాస్టరుతోను కోటలు గట్టి, అట్టకిరీటములు పెట్టి రాజులను నిలబెట్టుట యిక్కడ వేలకొలది కుటుంబములకు కూడు పెట్టు వృత్తి.

ఈ వృత్తివారు పిల్లల బొమ్మలకథను చిన్నచూపు చూడరు. 2015లోను, 2017లోను రెండు భాగములుగా వెలువడిన 'బాహుబలి' చిత్రముల దర్శకులు ఎస్. ఎస్. రాజమౌళిగారు తాము చిన్ననాట అమర్ చిత్రకథలు చదివి పెరిగినవారమని, రాజుల కథలయెడ తమకు గలిగిన మోజునకు ఆ పుస్తకములు ముఖ్యకారణమని పలుమాఱులు చెప్పియున్నారు. ఒక బాలుడు ఏ మూలనో కూర్చుండి చదివిన పలుచని పుస్తకము ముప్పదియేండ్లకు కోట్ల రూపాయల వ్యయముతో మాహిష్మతీ నగరమై లేచినదన్నమాట. అంతటితోను ఆగలేదు. ఆ చిత్రములను నిర్మించిన ఆర్కా మీడియావర్క్సువారు గ్రాఫిక్ ఇండియా యను సంస్థతో గలసి, 2017లో ఆ లోకమునే మరల బొమ్మల పుస్తకముగాను, 'ది లాస్ట్ లెజెండ్స్' అను కదలుబొమ్మల ధారావాహికగాను పిల్లలకిచ్చిరి. విత్తు చెట్టయి, చెట్టు మరల విత్తునిచ్చినది. మాహిష్మతి యను పురము పేరు పురాణములలో వినబడును. అది నర్మదాతీరమున నుండెనందురు. సినిమాలోని మాహిష్మతి మాత్రము ఏ పటములోను లేదు. ఈ సంగతి పెద్దలు చెప్పనిచో పిల్లలకు తెలియుట యెట్లు?

అమర్ చిత్రకథల పుట్టుక కూడ వినదగినదే. అనంత పాయిగారు 1967లో ఢిల్లీలో దూరదర్శన్ ప్రశ్నోత్తర కార్యక్రమమొకటి చూచిరట. అందలి పిల్లలు గ్రీకుదేశపు దేవతలను గూర్చిన ప్రశ్నకు చకచక బదులుచెప్పి, రామునితల్లి యెవరన్న ప్రశ్నకు మాత్రము నోరు తెఱచిరట. దానితో ఆయనకు మన కథలను బొమ్మలలో చెప్పవలెనను పట్టుదల గలిగినది. ఈ వృత్తాంతమును చెప్పువారందఱును పిల్లల అజ్ఞానమును గూర్చియే వగతురు. మాకు వేఱొక విషయము తట్టుచున్నది. ఆ పిల్లలు రాముని పేరు మఱువలేదు. మఱచినది తల్లి పేరు. ఈ సంగతిని చదువరులు మనసునందుంచుకొందురుగాక. దీనితో మనకు ముందు పనిగలదు.

తెలుగువారికి బొమ్మలును సినిమాయు ఒకే గడపలోనుండుట నిన్న మొన్నటిది కాదు. 1947 జూలైలో మదరాసున 'చందమామ' వెలువడినది. దానిని స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే విజయావారి 'పాతాళభైరవి'ని (1951), 'మాయాబజారు'ను (1957) నిర్మించిరి. చిత్రా, వడ్డాది పాపయ్య, శంకర్‌గార్ల కుంచెలనుండి వెలువడిన రాజులు, మాంత్రికులు, గుఱ్ఱములు, గుహలు నెలనెలయు ఇల్లిల్లు చేరెడివి. ఇంతకును చక్రపాణిగారి స్వస్థలము తెనాలియే. ఆ పత్రికను చిరకాలము తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారును తెనాలివారే. వికటకవి యూరి నీటిలో నేదో మహిమ గలదని మేము శాస్త్రీయముగా నిరూపింపలేముగాని, అనుమానము మాత్రము గట్టిగానున్నది. పిమ్మట బాపుగారు తాము తీయబోవు సినిమాను ముందుగా కాగితముమీద గడులు గడులుగా బొమ్మలు గీసికొని, అట్లే తీసెడివారు. అనగా ఆయన సినిమా మొదట బొమ్మలకథగా పుట్టి, తరువాత తెరకెక్కెడిది.

ఇక కథానాయకుని యొద్దకు వత్తము. తెలుగుపిల్లలకు నవ్వుతో గూడిన చరిత్రకథ యనగా తెనాలి రామకృష్ణుడే. అమర్ చిత్రకథలో ఆయన గలడు, రాయలవారును గలరు. చిన్న ప్రచురణకర్తలు వేసిన పుస్తకములు రైల్వేస్టేషనులలో దొరకును. 1956లో బి. ఎస్. రంగాగారు తీసిన 'తెనాలి రామకృష్ణ'లో నాగేశ్వరరావుగారు రామకృష్ణుడు, రామారావుగారు రాయలు. పిల్లి కథ యెఱుగనివారెవ్వరు? పాలుద్రాగి బలియవలసిన పిల్లికి మొదటిదినమే మరగుచున్న పాలు పెట్టి, అది జీవితాంతము పాలగిన్నెను జూచి పరుగెత్తునట్లు చేసిన మహానుభావుడాయన. దొంగల కథ అంతకంటె రమ్యమైనది. తోటలో దొంగలు పొంచియున్నారని గ్రహించి, నగలపెట్టెను నూతిలో పడవేయుచున్నానని భార్యతో బిగ్గఱగా జెప్పి, రాళ్లమూట దానిలో గిరాటువేసెను. దొంగలు తెల్లవార్లు నీరు తోడిరి. ఆయన పాదులు దీసి చెట్లకు నీరు పెట్టుకొనెను.

ఈ కథలలో చరిత్రమెంత? కొంచెమే. రామకృష్ణకవి యుండెననుటకు ఆయన కావ్యములే సాక్షి. మొదట రామలింగడను శైవుడై 'ఉద్భటారాధ్య చరిత్రము' రచించి, పిదప వైష్ణవుడై రామకృష్ణుడయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఆయన 'పాండురంగ మాహాత్మ్యము' పంచకావ్యములలో నొకటిగా గణనకెక్కినది. కాని యాయన రాయల కొలువులోనే యుండెనా, తరువాతి కాలమువాడా యను విషయమున పండితులు నేటికిని వాదులాడుచునే యున్నారు. పిల్లి కథకును నూతి కథకును శాసనమేదియు లేదు. ఇట్టి కథలు దేశమంతట తిరుగుచు, ఉత్తరదేశమున బీర్బలు మీదను, ఇక్కడ రామలింగని మీదను వ్రాలుచుండును. పిల్లవాడు 'ఇది నిజముగా జరిగినదా?' యని యడిగినప్పుడు 'జరిగినదని చెప్పుకొందురు' అను నాలుగుమాటల బదులు చాలును. అబద్ధమని కసరి పుస్తకము లాగికొనుట పాపము. అంతయు నిజమని తలయూచుట మఱియొక విధమైన పాపము.

అయినను నిజమైన చరిత్రములో నవ్వు లేదని యెవరనిరి? 1520 ప్రాంతమున డోమింగో పాయెసు అను పోర్చుగీసువాడొకడు విజయనగరమునకు వచ్చి, తాను కన్నదియు విన్నదియు వ్రాసిపెట్టెను. రాబర్టు సూయెలు అను దొర దానిని ఇంగ్లీషులోనికి దెచ్చి 1900లో ప్రకటించెను. అందు రాయలవారి ప్రాతఃకాలకృత్యము వర్ణింపబడినది. తెల్లవాఱకమునుపే లేచి యా మహారాజు ఇంచుమించు అరలీటరునకు కొంచెము తక్కువగా నువ్వులనూనె త్రాగునట! ఒడలంతయు నదే నూనె పూసికొని, చిన్న గుడ్డ కట్టుకొని, బరువైన మట్టిగుండ్లు రెండుచేతులను ఎత్తి, కత్తి ద్రిప్పి, త్రాగిన నూనె చెమటయై కాఱువఱకు కసరత్తుచేసి, మల్లునితో కుస్తీపట్టి, పిమ్మట గుఱ్ఱమెక్కి తెల్లవాఱువఱకు మైదానమున పరుగులెత్తించునట. అటుపైని స్నానము. శనివారమునాడు తలకు నూనె పెట్టబోయినచో ఇంటిచుట్టు మూడు ప్రదక్షిణలు చేయు మన పిల్లలకు ఈ గడి చూపించి చూడుడు.

అదే పాయెసు రాయలవారి రూపమునుగూడ చెప్పెను. ఆయన నడితరపు పొడవువాడు, చామనచాయకంటె తెల్లనివాడు, కొంచెము స్థూలకాయుడు, ముఖమున స్ఫోటకపు మచ్చలు గలవాడు. ఏ బొమ్మల పుస్తకములోనైన రాయలవారి ముఖమున స్ఫోటకపు మచ్చలు మీరు చూచితిరా? మేము చూడలేదు. తెలుగువారికి రాయలనగా రామారావుగారి ముఖమే. 1956లో ఒకమాఱు, 1962లో 'మహామంత్రి తిమ్మరుసు'లో మఱియొకమాఱు ఆయన యా కిరీటము ధరించి మన కన్నులలో నిలిచిపోయిరి. కథానాయకుని బుగ్గమీద మచ్చలు పెట్టుమన్నచో ఫిలింనగరులో నే రంగులదిద్దరియు నొప్పుకొనడు. కాని ఊహింపుడు! మచ్చల మొగముతో, కొంచెము బొజ్జతో, ఒడలెల్ల నూనె గాఱుచు, మట్టిగుండ్లెత్తు రాయలను జూచిన పిల్లవాడు ఆయనను జీవితమున మఱచునా? పటములోని రాజునకు మ్రొక్కును. ఈ రాజుతో స్నేహము చేయును.

మన సినిమావారు ఈ రహస్యమును ఒక్కమాఱు బాగుగా పట్టుకొనిరి. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన 'ఆదిత్య 369' తెరమీద కదలాడు బొమ్మలకథయే. కాలయంత్రమెక్కి ఒక యువకుడు, ఒక యువతి, పొరపాటున నొక పోలీసు జవాను రాయల కాలమునకు బోయిపడుదురు. మాటలు జంధ్యాలగారివి. బాలకృష్ణగారు నేటి యువకుడును, రాయలును తామే. చంద్రమోహనుగారు తెనాలి రామకృష్ణుడు. సుత్తివేలుగారు ఆ జవాను. కాలయంత్రమను కల్పన ఇంగ్లండుదేశపు వెల్సు అను రచయిత 1895లో ప్రకటించినదే. కాని వెల్సుగారి యంత్రము ముందుకాలమునకే యెక్కువగా పోయెను. మన యంత్రమునకు మొదట విజయనగరము చూడబుద్ధిపుట్టినది. ఆ చిత్రములో నవ్వు పుట్టుట రాయలను ఎగతాళి చేయుటవలన కాదు, నేటివాడు నాటివారి నడుమ తికమకపడుటవలన. వెనుకటివారు తెలివితక్కువవారని చూపి నవ్వించు పుస్తకములు పిల్లలను చెఱచును. మనమే అక్కడ తెలివితక్కువవారమని చూపి నవ్వించినప్పుడు వారికి పూర్వులయెడ గౌరవము దానంతట నదియే గలుగును. పిల్లల పుస్తకము కొనునప్పుడు మేము మొదట చూచునది యీ యొక్క విషయమే.

ఇంతవఱకు మెచ్చుకొంటిమి. ఇప్పుడు కొంచెము నిష్ఠురమాడవలసియున్నది.

ఈ పుస్తకములలో ఆడపిల్లలకు చోటెక్కడ? రాణి సింహాసనముమీద కూర్చుండి యలుగును. నర్తకి యాడును. రామకృష్ణుని భార్య నూతి యొద్ద దీపము పట్టుకొని నిలుచుండును. ఆమెకు ఒక కథలో ఒక పేరు, ఇంకొకదానిలో వేఱొక పేరు, చాలవానిలో పేరే లేదు. నూతి కథ మరల తలచుకొనుడు. చీకటిలో దొంగలు పొంచియుండగా, మగడు మూటలో రాళ్లు కట్టుచుండగా, కిమ్మనక, నవ్వక, గొంతు వణకక, నగలు పోవునని నిజముగా నడలిపోవుచున్న యిల్లాలివలె నటించిన దెవరు? ఆమె కిసుక్కున నవ్వియున్నచో నాటి రాత్రి దొంగలు నూతికి బదులు ఇంటిలోనికే వచ్చియుందురు. తెలివికి బహుమానమంతయు మగనికే పోయినది. రామునితల్లి పేరు మఱచిన పిల్లలను మనమేల తప్పుపట్టవలెను?

ఇందులో విచిత్రమేమనగా రామకృష్ణకవి స్వయముగా అట్లు చేయలేదు. 'పాండురంగ మాహాత్మ్యము'లోని నిగమశర్మ కథలో చెడుతిరుగుళ్లు మరగిన తమ్ముని దారికి దెచ్చుటకై అత్తవారింటినుండి పిల్లలతో వచ్చి, పాడుపడిన పుట్టింటిని చక్కబెట్టి, తమ్ముని చేరబిలిచి బుద్ధులు చెప్పు అక్కగారొకతె కలదు. ఆ తమ్ముడు తలవంచుకొని వినినట్లే విని, ఒకనాటి రాత్రి నగలు మూటగట్టుకొని ఉడాయించును. నవ్వవలెనో ఏడ్వవలెనో తెలియని ఘట్టమది. కవి ఆమెకును పేరు పెట్టలేదు నిజమే. కాని ఆమెను మనయింటి మనిషిగా నిలిపెను. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 'నిగమశర్మ అక్క' యని యామె పేరనే వ్యాసము వ్రాసిరి. వికటకవి పేరుతో ఇన్ని బొమ్మలకథలు వచ్చినవిగదా, ఆయన స్వయముగా వ్రాసిన యీ కథ నే చిత్రకారుడైన బాలురకు బొమ్మలలో నిచ్చినచో నెంత బాగుండును!

చరిత్రములో స్త్రీలు లేరు గనుక బొమ్మలలోను లేరని ఎవరైన వాదింతురేమో. అట్టివారికి నూనిజు అను పోర్చుగీసు గుఱ్ఱముల వర్తకుడు బదులుచెప్పును. రాయల యనంతరము కొన్ని యేండ్లకు, అచ్యుతరాయల కాలమున, 1535 ప్రాంతమున నతడు విజయనగరపు సంగతులు వ్రాసెను. అంతఃపురద్వారములకు లోపల జరుగు వ్యయమంతయు లెక్కవ్రాయు స్త్రీలు గలరట. రాజ్యములోని సంగతులను వ్రాసిపెట్టి, వెలుపలి లేఖకుల పుస్తకములతో తమ పుస్తకములను సరిచూచు స్త్రీలును గలరట. కుస్తీపట్టు స్త్రీలు, జ్యోతిషము చెప్పు స్త్రీలు, న్యాయము విచారించు స్త్రీలు, రాత్రులు కోటలోపల కావలికాయు స్త్రీలు కూడ గలరని యతడే చెప్పుచున్నాడు. ఇంటి పద్దుపుస్తకమును కూరగాయలవాని నోటిలెక్కతో ప్రతిదినమును సరిచూచు మన సోదరీమణులకు ఈ యుద్యోగము కొత్తది కాదు. నాలుగువందల తొంబదియేండ్ల క్రిందట అది రాజోద్యోగముగానుండెనని తెలిసినచో ఆడపిల్లల కన్నులు వెలుగును.

నవ్వుకును అక్కడ కొఱతలేదు. మహర్నవమి యుత్సవములలో అంతఃపురస్త్రీలు ఊరేగివచ్చుటను పాయెసు కన్నులార జూచెను. వారు ధరించిన బంగారు ఆభరణముల బరువునకు కొందఱు నడవలేకపోగా, ప్రక్కనున్న స్త్రీలు చేతులు పట్టి మోయుచు నడిపించిరట. పెండ్లిండ్లలో నిట్టి దృశ్యమును పూర్తిగా కాకున్నను కొంత కొంత మనమును చూచియున్నాము.

విజయనగరమును విడిచి తెలంగాణమునకే వచ్చినచో, ఓరుగల్లు రుద్రమదేవి గలదు. 2015లో గుణశేఖరుగారు ఆమెను గూర్చి చిత్రము తీసిరి. అనుష్కగారు రుద్రమగా కనిపించిరి. ఆ చిత్రమునందు వీరరసమే మెండు. పిల్లల సాహసకథకు తగిన ముడిసరకు మార్కోపోలో యొద్దనున్నది. మోటుపల్లి ప్రాంతపు దేశమును అతడు ముత్ఫిలి యనెను. అక్కడ వివేకవతియైన రాణి యొకతె రాజ్యమేలుచున్నదని మెచ్చుకొనుచు, ఆమెను చనిపోయిన రాజుగారి భార్యగా వ్రాసెను. నిజమునకు రుద్రమ గణపతిదేవుని కూతురు. లోకము చుట్టివచ్చినవాడును ఆడువారి వరుసలయొద్ద తడబడెను. అతడే వజ్రముల లోయ కథ చెప్పును. పాములు నిండిన లోతులోయలోనికి మాంసఖండములు విసరుదురట. వజ్రములు వానికంటుకొనును. గ్రద్దలు వానిని తన్నుకొని పైకి రాగా జనులు అదలించి వజ్రములు ఏఱుకొందురట. ఇదే కథ సింద్‌బాదు యాత్రలలోను గలదు. కట్టుకథయే. ఐనను అది తెలుగుదేశమునకు అంటుకొనియున్న కట్టుకథ. మన వజ్రములు నిజమైనవగుటవలన కదా కథ యిక్కడ వ్రాలినది!

ఫిలింనగరులో కాపురముండు పిల్లలకైతే ఇంతదూరము కూడ పోనక్కఱలేదు. వారికి పొరుగుననే గోలకొండ కలదు. అక్కడి ఇబ్రహీం కుతుబుషా చిన్నవయసున అన్న జంషీదునకు వెఱచి పాఱిపోయి, విజయనగరమున అళియ రామరాయల యాశ్రయమున ఏడేండ్లుండెను. అక్కడ తెలుగు మరగెను. 1550లో తిరిగివచ్చి సింహాసనమెక్కి తెలుగుకవులను పోషింపగా, వారాయనను మల్కిభరాముడనిరి. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానము'ను ఆయనకే అంకితమిచ్చెను. పాఱిపోయిన రాకుమారుడు, శత్రువు కొలువున ఆతిథ్యము, కొత్తభాష, తిరుగురాక! బొమ్మలకథకు ఇంకేమి కావలెను? కాని 1565లో రామరాయలపై దండెత్తిన సుల్తానులలో ఇబ్రహీమును ఒకడు. ఆ యుద్ధమునందే రామరాయలు మడిసెను. ఈ చివరి గడి వచ్చునప్పటికి నవ్వుచున్న పిల్లవాడు నిశ్శబ్దుడగును. ఎవరు మంచివాడు, ఎవరు చెడ్డవాడని యడుగును. సులభమైన బదులు లేదు. తెల్లనివానిని మిక్కిలి తెల్లగను, నల్లనివానిని మిక్కిలి నల్లగను దిద్దు పుస్తకములకు ఇట్టి కథ పనికిరాదు. అందుచేతనే కాబోలు, ఇది పిల్లల పుస్తకములలో కానరాదు.

పుస్తకముల సంగతి వచ్చినది గనుక భాష సంగతియు చెప్పవలెను. ఈ గుట్టలమీది యిండ్లలో తెలుగు మాటలాడు పిల్లలు చాలమంది గలరు. తెలుగు చదువగలవారు తక్కువ. తెలుగుసినిమాకు నెలవైన ప్రదేశములో తెలుగుకవి రామకృష్ణుడు ఇంగ్లీషు బుడగలలో మాటలాడుచున్నాడు. తెలంగాణములో 2018 నాటి చట్టము బడులలో తెలుగును తప్పనిసరి చేసినది. కాని చట్టము చదివించునేగాని రుచి పుట్టింపజాలదు. 'చందమామ' నిలిచిపోయి యేండ్లు గడచినవి. పాతసంచికలు ఇంటి అటకమీద నున్నవారు ధన్యులు. అట్టి సంపద లేనివారు చేయదగిన పని యొకటి మాకు తెలిసియున్నది. ఇంగ్లీషు బొమ్మలకథనే తీసికొని, బుడగలమీద తెల్లకాగితపు ముక్కలంటించి, బొమ్మను జూచి మాటలు పిల్లలనే తెలుగులో చెప్పుమని, వారు చెప్పినదానిని పెద్దలు వ్రాయవలెను. రాయలు రామలింగనితో 'ఒరేయ్' అనునా, 'కవిగారూ' అనునా యని మొదటి గడిలోనే తగవు పుట్టును. ఆ తగవులోనే సగము తెలుగు వచ్చును. రెండవ పుస్తకమునకు తామే వ్రాసెదమందురు. అప్పుడు అక్షరములు కావలసివచ్చును. ఒత్తులయొద్ద కొంచెము ఏడ్పును ఉండును.

బొమ్మలు గీయు పిల్లలున్న యింట మఱియొక అడుగు ముందుకు వేయవచ్చును. చరిత్రము చెప్పని కథ నొకటి మేమే కల్పించి యిచ్చుచున్నాము. ఇది కల్పనయని ముందే ఒప్పుకొనుచున్నాము. పాయెసు చూచిన రాయలను, నూనిజు చెప్పిన లెక్కలస్త్రీలను ఒకచోటికి జేర్చుటకు కొన్ని యేండ్లు ఇటునటు జరుపవలసివచ్చినది. కాలయంత్రముగల పరిశ్రమ ప్రక్కన కూర్చుండి వ్రాయుచున్నాము గనుక క్షమింపవలెను. మొదటి గడిలో అర్ధరాత్రి, అంతఃపురము, ఆముదపు దీపము, తాటాకుల గుట్ట. ఇద్దఱు లెక్కలస్త్రీలు పద్దులు సరిచూచుచున్నారు. రెండవ గడిలో పెద్దామె కనుబొమలు ముడిపడినవి. లోపలి పుస్తకము ప్రకారము ఈ నెల రాయలవారు త్రాగిన నువ్వులనూనె ముప్పది గిన్నెలు. వెలుపలి లేఖకుని పుస్తకములో అఱువది. మూడవ గడిలో చిన్నామె దీపమెత్తి చూచును. కిటికీ బయట, మట్టిగుండ్ల చాటున, ఒడలంతయు నూనెతో మెఱయుచు ఎవరో నక్కియున్నారు. పిలక కనబడుచున్నది. తెనాలివాని పిలకవలె నున్నది. నాలుగవ గడి ఖాళీ.